పాకకు జామీను

ఒక వస్తువును ఊరికే ఇస్తామంటే మనుషులు ఎంత అనుమానంగా చూస్తారో సువర్ణకు రెండు వేల ఏడులో తెలిసింది. అమ్మకానికి పెడితే కనీసం బేరమైనా ఆడేవాళ్లేమో. ఊరికే ఇస్తానంటే అటు తిరిగి కూడా చూడలేదు.

టేకులపల్లి రోడ్డు మీద ఒక రేకుల గదిని కిరాయికి తీసుకుని ఆమె, చెల్లెలు సోని కలిసి ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాళ్లు. సువర్ణ ఎంసీఏ చదివింది. పొద్దున కొత్తగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి, మధ్యాహ్నం బస్సులో సెంటర్‌కు వచ్చేది. డిగ్రీ ముగించి ఖాళీగా ఉన్న సోని అప్పటిదాకా అక్కడ కూర్చునేది. హాల్‌టికెట్లు, పరీక్షా ఫలితాలు, గనుల్లో ఉద్యోగాల దరఖాస్తులు, ఇదీ అక్కడి గిరాకీ. గిరాకీ లేని వేళల్లో సువర్ణ రెండేళ్లపాటు కూర్చుని రాసిన సాఫ్ట్‌వేరే పాక.

వెబ్‌సైటు పెట్టుకున్నవాడికి అది ఉండటానికి ఎక్కడో ఒక కంప్యూటర్‌లో చోటు కావాలి. ఆ చోటును గదులుగా విడగొట్టి, తలుపులు పెట్టి, ఎవరి తాళం వాళ్లకిచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి కావాలి. పెద్ద కంపెనీలు అమ్మేవి నెలనెలా కిరాయి అడుగుతాయి. పాక ఏమీ అడగదు. పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. దాని లోపల ఏం రాసి ఉందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు, మార్చింది ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు.

ఇలాంటి పనులు చేసేవాళ్లంతా ప్రపంచం నలుమూలల నుంచి వచ్చి మాట్లాడుకునే ఫోరం ఒకటుంది. సువర్ణ అక్కడ పాక గురించి పొడుగాటి పోస్టు రాసింది. ఏం చేస్తుందో రాసింది, ఏం చెయ్యదో కూడా రాసింది. ఏడో పేరాలో, 'సైటులో ఏదైనా రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఏమవుతుందో నేను సరిగా పరీక్షించలేదు, మొత్తం పాడైపోవచ్చు, విడిగా కాపీ పెట్టుకోండి' అని కూడా రాసింది. అంత నిజాయితీగా రాస్తే జనం మెచ్చుకుంటారనుకుంది పిచ్చిది. ఏడో పేరా దాకా చదివేవాడు ఈ లోకంలో ఎవడున్నాడు చెప్పండి. ఒక్కరు కూడా జవాబివ్వలేదు.

ఆ ఫోరానికి ముందు పేజీ ఒకటుంది. కొత్త సాఫ్ట్‌వేర్ అక్కడికి ఎక్కితేనే జనం కంట పడుతుంది, లేకపోతే వెనక పేజీల్లో దుమ్ము కొట్టుకుపోతుంది. వానాకాలం దాటేలోగా ముందు పేజీకి ఎక్కకపోతే పాకను వదిలేసి బుద్ధిగా పాఠాలు చెప్పుకుందామని సువర్ణ లోపల్లోపల ఒట్టు పెట్టుకుంది. ఒట్టు పెట్టుకున్నప్పటి నుంచి ఆమెకు అన్నం సహించడం లేదు.

ఒక ఆదివారం రామ్‌సింగ్ కాకా సెంటర్‌కు వచ్చాడు. సువర్ణ నాన్నకు తమ్ముడు, జూలూరుపాడు పశువుల సంతలో దళారి. గొంతు పెద్దది, తలపాగా ఇంకా పెద్దది. ఆయన వెంట ఎప్పుడూ ఉండే స్నేహితుడు జంపయ్య కూడా వచ్చాడు. జంపయ్య భూగర్భ గనిలో పనిచేస్తాడు, షిఫ్టు లేని రోజు కాకా వెనకాలే తిరుగుతాడు. వీళ్ల తండాలో మాట లంబాడీలోనే సాగినా, ఆ భాష రాని జంపయ్య పక్కనుంటే అందరూ తెలుగులోకి దిగుతారు.

"ఏమాయె బిడ్డా నీ పాక? ఎవలన్న దిగిండ్రా అండ్ల?" అని అడిగాడు కాకా.

"లే కాకా. ఎవరన్న నలుగురు మంచిగున్నదని చెప్తే ముందు పేజీల పెడ్తరు. చెప్పేటోళ్లే లేరు."

అది సగం మాట. మిగతా సగం, ఆ చెప్పేవాళ్లు దాన్ని వాడినవాళ్లయి ఉండాలి, తయారుచేసిన మనిషికి ఏమీ కానివాళ్లయి ఉండాలి. పశువుల దళారికి ఆ గొడవంతా ఎందుకులే అనుకుని సువర్ణ మింగేసింది.

"మనకాడ దినాం కరెంటు పోతది గద. పోతే ఏమైతది దానికి?"

"ఏం గాదు కాకా. కరెంటు రాంగనే దానంతట అదే లేస్తది."

కాకా తృప్తిగా తలూపి లేచి వెళ్లాడు.

ఆ మర్నాడు సువర్ణ పరీక్ష పేపర్లు దిద్దడానికి ఖమ్మం వెళ్లింది. నాలుగు రోజులకు పని ముగించుకుని తిరిగొచ్చి, సెంటర్‌లో చెప్పులు విడవకుండానే ఫోరం తెరిచింది. తెరిచి, కళ్లు నులుముకుంది. ముందు పేజీలో పాక ఉంది. కింద అయిదు పోస్టులు. ఎవరీ మహానుభావులు అని గుండె ఎగిరి గంతేసింది. పేర్లు చూడగానే ఆ గుండే గుభేలుమంది.

మొదటిది రామ్‌సింగ్. 'ముప్పై ఏళ్లుగా నలుగురిలో ఉన్నవాణ్ణి. నేనిచ్చిన మాట ఇంతవరకు వెనక్కి రాలేదు. పాకకు నేను జామీను. కరెంటు పోయినా మీ సొమ్ము పోదు' అని చక్కటి ఇంగ్లీషులో ఉంది. రెండోది జంపయ్య. 'నేను భూమి కింద పనిచేస్తాను. పాక వచ్చాక నాకు భయం లేదు.' మూడోది కాకా భార్య సోమ్లిది, చాలా బాగుంది, అందరూ తీసుకోండి అని. మిగతా ఇద్దరూ తండావాళ్లే. వీళ్లలో ఒక్కరూ పాకను కళ్లతో చూడలేదు. సోమ్లి కాకి, అంటే చిన్నమ్మ, కంప్యూటర్‌ను ముట్టుకుంటే షాకు కొడుతుందని దూరంగా నిలబడే మనిషి.

"సోనీ!" అని అరిచింది సువర్ణ.

సోని అప్పటికే గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "కాకా అందర్ని ఆటోల ఎక్కించుకొని వచ్చిండక్కా. ఇంటి బిడ్డకు మాట సాయం చెయ్యకుంటే మనుషులమెట్ల అయితమని నా మీదికే లేసిండు. నేనేం జెయ్యాలె? వాళ్లు చెప్పింది నేను ఇంగ్లీషుల టైపు కొట్టిన."

"దొంగ పేర్లన్న పెట్టకపోతివి!" అని నోరు జారాక సువర్ణకే సిగ్గేసింది.

"పెడ్దమంటే కాకా కోపానికొచ్చిండు. నా పేరు దాసుడెందుకు, నేనేమన్న దొంగనా అని."

ఒళ్లు మండాలో నవ్వాలో తెలియలేదు. దొంగ పొగడ్తలు రాసేవాళ్లు ఆ ఫోరంలో కొత్త కాదు. ఒకడే పది పేర్లు పెట్టుకుని తన సరుకును తానే పొగుడుకుంటాడు. వీళ్లేమో అయిదుగురు నిజం మనుషులు, నిజం పేర్లు, మనస్ఫూర్తిగా చెప్పిన మాటలు. ఇది దొంగతనమా, కాదా? వాడకుండా బాగుందన్నారు కాబట్టి అబద్ధమే. కానీ వాళ్లు మెచ్చుకున్నది పాకను కాదు, తనను. తన సంగతి వాళ్లకు తెలుసు కాబట్టి అది నిజమే. ఇలా ఆలోచించేకొద్దీ బుర్ర వేడెక్కింది.

ఫోరం పెద్దమనిషి హెన్రిక్ అని ఎక్కడో చలిదేశంలో ఉంటాడు. ఆయనకు ఉన్నదున్నట్టు రాసేద్దామని సువర్ణ మెయిల్ తెరిచింది. అంతలో ఆరో పోస్టు కనిపించింది. కెన్యాలో ఒక కొండ ఊరి నుంచి వాంజికు అనే టీచరమ్మ రాసింది. ఆమె తమ ఊరి తేయాకు రైతుల కోసం ఒక సైటు నడుపుతుందట. ఆకు తీసుకెళ్లే లారీ ఏ రోజు వస్తుందో, వాన ఎప్పుడెంత పడిందో, చనిపోయిన పెద్దవాళ్లు చెప్పిన మాటలేమిటో, అన్నీ అందులో ఉంటాయట. 'మాకూ కరెంటు నిలవదు. మిస్టర్ సింగ్ అంత గట్టిగా మాటిచ్చారు కాబట్టి మా సైటును పాకలోకి మార్చేశాను. ధన్యవాదాలు' అని రాసింది.

రెండేళ్ల తర్వాత మొదటి మనిషి. ఎక్కడో తెలియని కొండ మీద తన పాకలో దీపం వెలిగింది. సువర్ణకు కళ్లలో నీళ్లు తిరిగాయి. హెన్రిక్‌కు రేపు రాద్దాంలే అనుకుని మెయిల్ మూసేసింది. తర్వాత రోజూ రేపే అనుకుంది. రోజూ ముందు పేజీ తెరిచి పాక అక్కడే ఉందని చూసుకుని, రాయకుండానే లేచింది. ఏం చెప్పమంటారు, ఆకలి మీద ఉన్న మనిషి కంచం ముందునుంచి లేవమంటే లేస్తుందా.

ఆ తర్వాతి వారం వాంజికు రెండో పోస్టు వచ్చింది. ఆమె పేజీలు మారుస్తుండగా కరెంటు పోయింది. వచ్చాక సైటు తెరుచుకోలేదు. ఊరి మాటలన్నీ పోయాయి. 'మిస్టర్ సింగ్, మీరు పోదన్నారు కదా?' అని ఒక్క ప్రశ్న అడిగింది, అంతే.

దాంతో ఫోరంలో అందరూ లేచారు. హెన్రిక్ తీగ లాగాడు. అయిదు పోస్టులూ ఒకే రోజు, ఒకే కంప్యూటర్ల గది నుంచి వచ్చాయి. ఒక్క ఫోను తీగ మీద వచ్చే ఇంటర్నెట్‌కు ఒకటే చిరునామా ఉంటుంది, అది బయటివాళ్లకు కనబడుతుంది. పైగా సువర్ణ పోస్టు కూడా అదే చిరునామా నుంచి వచ్చిందే. సాయంత్రానికి అయిదుగురి ఖాతాలూ మూసేశారు. పాకను ముందు పేజీ నుంచి దింపేశారు. సువర్ణ ఖాతా దగ్గర, మోసపు ప్రచారం అనుమానంతో నిలిపివేత, అని ఎర్ర అక్షరాలు పడ్డాయి.

అప్పుడు కూర్చుని సువర్ణ హెన్రిక్‌కు అంతా రాసింది. ఇంతకాలం ఎందుకు రాయలేదో మాత్రం రాయలేకపోయింది. ఆయన జవాబు రెండు ముక్కల్లో వచ్చింది. 'వాళ్లు నిజం మనుషులైతే ఇంకా ఘోరం. వాళ్లు వాడారా?'

మర్నాడు కాకా, జంపయ్య సెంటర్‌కు వచ్చారు. సంగతి అప్పటికే తండా అంతా పాకింది.

"నా మాట దీసేసిండ్రంట?" అన్నాడు కాకా, కుర్చీలో కూలబడి.

"అందరు ఒక్క ఇంటోళ్లేనని తీసేసిండ్రు కాకా."

"ఇంటోళ్లు గాక ఎవలు చెప్తరే?" కాకా గొంతు రేకులు తాకింది. "సంతల ఎద్దును నిలవెడితే, కొనేటోడు ముందుగాల జామీను ఎవలని అడుగుతడు. అన్ననో, చిన్నాయిననో ముందటికి రావాలె. మావోళ్ల ఎద్దు, నేను జామీను అనాలె. ఏం గానోడు వచ్చి ఎద్దును మెచ్చుకుంటే వాడు లఫంగి అని చిన్న పోరలకు గూడ ఎర్కనే."

"అక్కడ ఉల్టా కాకా. ఏం గానోళ్లే మెచ్చుకోవాలె. సొంతోళ్లు మెచ్చుకుంటే లఫంగి పని."

కాకా జంపయ్య వంక చూశాడు. జంపయ్య తల గోక్కున్నాడు. ఇద్దరికీ అది మింగుడుపడలేదు. నిజం చెప్పాలంటే, ఆ మాట చెప్పిన సువర్ణకే సగం మింగుడుపడలేదు. ఏమీ కానివాడికి మన పాకతో పనేమిటి? మన మంచీ చెడూ వాడికేం పట్టింది?

"అయినా మా అన్న బిడ్డ చేసిందని నేను ముందుగాల్నే చెప్పిన గద. దాసిందేమున్నది?" అన్నాడు కాకా.

సువర్ణ సోని వైపు తిరిగింది. సోని తల దించుకుంది.

"అది నేను కొట్టలే కాకా," అంది. "అట్ల రాస్తే వాళ్లు నమ్మరని ఇడిసిపెట్టిన."

కాకా తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "'మా బిడ్డ' అన్న మాట దీసేస్తే ఇగ నా జామీనుకు ఇలువేమున్నదే?" అన్నాడు, అరుపంతా పోయి. సోనికి ఏడుపొచ్చింది. ఒకటే ముక్క, సంతలో అది ఉంటేనే మాటకు విలువ, ఫోరంలో అది ఉంటే మాటకు విలువ లేదు. అయితే దాన్ని తీసేయడం ఎక్కడైనా మోసమే. సువర్ణకు ఆ ఒక్క సంగతే కాస్త తేటగా కనిపించింది.

"పోనియ్. ఆ అమ్మ సొమ్ము నిజంగనే పోయిందా?"

"పోయింది కాకా."

"కరెంటు పోతే పాడైతదని నీకు ముందుగాల ఎర్కనా?"

"అనుమానముండె. ఫోరంల రాసిన కాకా. ఏడో పేరాల రాసిన."

"మరి నాకెందుకు చెప్పలె?"

ఈ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. ముక్కూ ముఖం తెలియనివాళ్లకు లోపం రాసి చూపించింది. పక్కన కూర్చుని అడిగిన చిన్నాన్నకు మాత్రం ఏం కాదని చెప్పింది. ఎందుకు? ఇంట్లోవాళ్ల ముందు తన పని తక్కువ కాకూడదనా? వాళ్లకు అర్థం కాదనా? రెండూ చెప్పుకోదగ్గవి కావు. అందుకే ఎదురు తిరిగింది.

"నువ్వు వాడకుండ మంచిగున్నదని ఎట్ల చెప్పినవ్ మరి?"

"నువ్వు చెప్పినవ్ గద!" అన్నాడు కాకా. ఆ తర్వాత ఆయనకూ ఏదో తట్టినట్టుంది, మీసం నములుతూ కూర్చున్నాడు. ఏ ఎద్దునైనా నాలుగడుగులు నడిపించి, నోరు తెరిపించి చూడందే జామీను నిలవని మనిషి. ఈ ఒక్కదాన్ని మాత్రం చూడలేదు.

జంపయ్యే కదిలాడు. "ఇప్పుడేం జెయ్యాలె?" అన్నాడు.

"చెయ్యాల్సిందేం లేదు," అంది సువర్ణ. "పాకతోని పాటు లైసెన్సు అని ఒకటి ఉంటది. ఇది ఊకెనే ఇస్తున్నం, దీనికి ఏ హామీ లేదు, ఏం పోయినా మాది బాధ్యత కాదు అని. ఇట్ల ఇచ్చేటోళ్లందరు అదే రాస్తరు. ఆ టీచరమ్మకు గూడ ఎర్కనే."

"నువ్వు లేదని రాసినవ్. నేను ఉన్నదని చెప్పిన," అన్నాడు కాకా. "ఆమె ఎవల మాట ఇని దిగింది?"

"నీ మాట ఇని."

"మరింకేంది!"

తిరుమలాయపాలెం రైతు ఒకతను కాకా జామీను మీద కొన్న ఎద్దు దుక్కిలో పండుకుంటే, కాకా తన సొంత ఎద్దులు తోలుకుపోయి ఆ చేను దున్నిచ్చి వచ్చాడు. ఆ సంగతి తండాలో అందరికీ తెలుసు, తెలియనివాళ్లు దొరికితే ఆయనే చెప్పుకుంటాడు. ఇప్పుడు కూడా దున్నాల్సిందే అన్నాడు. కెన్యాలో చేను ఎలా దున్నుతారో ఎవరికీ అర్థం కాలేదు. అయినా సువర్ణ వాంజికుకు ఉత్తరంలాంటి మెయిల్ రాసింది. మిస్టర్ సింగ్ మా చిన్నాన్న, ఆయన పాకను చూడలేదు, నేను చెప్పింది నమ్మి చెప్పాడు, నేను చెప్పింది సగమే, మీవి కాగితాల మీద ఏమైనా మిగిలి ఉంటే మేము మళ్లీ కొట్టి పెడతాము, అని.

జవాబు ఎంతకీ రాలేదు. వచ్చినప్పుడు కోపంగానే వచ్చింది. 'మీ మీద నాకు నమ్మకం లేదు. కానీ మళ్లీ కొట్టే ఓపిక కూడా నాకు లేదు' అని రాసి, పిల్లలతో రాయించిన కాగితాలు, పాత ప్రింట్లు స్కాన్ చేసి కట్టలు కట్టలుగా పంపింది.

ఆ నెలంతా సెంటర్‌లో ఒక కంప్యూటర్ గిరాకీకి లేదు. సోని కొట్టేది. షిఫ్టు దిగాక జంపయ్య వచ్చి, పదో తరగతి ఇంగ్లీషుతో, నోరు తిరగని ఆ ఊరి పేర్లను ఒక్కో అక్షరం చదివి చెప్పేవాడు. ఒక ముసలమ్మ కరువు సంవత్సరంలో అడవి దుంపలు తిని బతికిన సంగతిని సోని తెలుగులో చెప్తూ కొడుతుంటే సోమ్లి కాకి దూరం నుంచే విని, "మా అత్త గూడ గంతే" అంది. కాకా మాత్రం తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, పని ఎంతవరకు వచ్చిందని అందరి ప్రాణం తీసేవాడు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. కంప్యూటర్ ఆగలేదు.

"కరెంటు పోయినా నడుస్తనే ఉన్నది గద! మరి ఆమెది ఎట్ల పోయె?" అన్నాడు కాకా.

"ఇన్వర్టర్ ఉన్నది కాకా మనకు."

"ఆమెకున్నదా?"

సువర్ణ జవాబు చెప్పేలోపే ఆయన లేచి ఇన్వర్టర్ తీగ పీకేశాడు. గది చీకటైంది. సోని కెవ్వుమంది. కరెంటు వచ్చాక చూస్తే పాక తెరుచుకోలేదు, పొద్దుటి నుంచి కొట్టిందంతా పోయింది. పెన్‌డ్రైవ్‌లో నిన్నటిదాకా కాపీ ఉండబట్టి మిగతాది బతికింది.

"ఏం పనే కాకా ఇది!" అని సోని ఏడ్చింది. కాకా తెల్లటి తెర వంక చూస్తూ నిలబడిపోయాడు. "గిట్ల పోయిందా ఆమెది," అన్నాడు.

సువర్ణ కూడా చూడటం అదే మొదలు. ఏడో పేరాలో ఒక వాక్యంగా రాయడం వేరు, చెల్లెలి పొద్దుటి పనంతా కళ్ల ముందు పోవడం వేరు. ఆ వారం ఆమె కాలేజీకి సెలవు పెట్టి ఆ చోట కోడ్ మార్చింది. పూర్తిగా కుదరలేదు. రాస్తున్న పేజీ ఒక్కటి పోతుంది, మిగతావి నిలుస్తాయి. అక్కడికి తెచ్చి, కాకా తీగ పీకిన సంగతితో సహా వాంజికుకు రాసింది.

వాంజికు సైటు మళ్లీ లేచింది. ఆమె ఫోరంలో కొత్త పోస్టు రాసింది. 'పాకను నమ్మి నేను అన్నీ పోగొట్టుకున్నాను. పోగొట్టినవాళ్లే మళ్లీ కొట్టి ఇచ్చారు. ఇప్పుడు కరెంటు పోతే ఒక్క పేజీయే పోతోంది. అది తెలిసే వాడుతున్నాను.'

సువర్ణ సంబరపడేలోపే హెన్రిక్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. 'ఈమె కూడా మీ ఇంటి మనిషేనా? ఆమె సైటులో చూస్తే పని అంతా మీ చిరునామా నుంచే జరిగినట్టుంది.'

"అవ్, మన మనిషే అని రాయి," అన్నాడు కాకా వెంటనే. "నెలంతా ఆమె చేను దున్నినం, మనది గాకుంటే ఎవలది?"

"అట్ల రాస్తే ఆమెది గూడ తీసేస్తరు కాకా!" అంది సోని. "ఏం కాదని రాయక్కా."

అవునంటే ఒక రకంగా నిజం, కాదంటే ఇంకో రకంగా నిజం. ఎటు రాసినా సగమే. సగం మాటల వల్లే ఇంత దూరం వచ్చింది. సువర్ణ కీబోర్డు ముందుకు లాక్కుంది. చివరికి రెండూ రాసింది. ఆమెకు మాకు చుట్టరికం లేదు, ఆమెను ఎప్పుడూ చూడలేదు. ఆమె సైటును మా ఇంట్లో అందరం కలిసి కొట్టాం, ఆమెను ముంచింది మేమే. తొలినాడే మీకు చెప్పాలనుకున్నాను, ముందు పేజీలో పాక పేరు చూసుకుని ఆశకొద్దీ చెప్పలేదు. ఇంతకు మించి దాచింది లేదు. అలా రాశాక భయమేసింది, పంపాక ఇంకా భయమేసింది.

హెన్రిక్ వాంజికు పోస్టు తీయలేదు. సువర్ణ ఖాతా తెరిచాడు. పాకను ముందు పేజీకి మాత్రం ఎక్కించలేదు. మెయిల్ చివర ఒక వింత కోరిక రాశాడు. 'మిస్టర్ సింగ్ ఖాతా కూడా తెరుస్తున్నాను. తీగ పీకి చూసిన మనిషి ఆయనే అని శ్రీమతి వాంజికు చెప్పింది. ఇప్పుడు ఆయన ఏమంటారో వినాలని ఉంది.'

కాకా తలపాగా సర్దుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సోని కీబోర్డు తీసుకుంది.

"ఏం తీసెయ్యకుండ కొట్టు," అని ముందే హెచ్చరించాడు. "ఇది మా అన్న బిడ్డ సువర్ణ చేసింది. నేను ఆమె చిన్నాయిన. పోయినసారి చూడకుండ చెప్పిన, తప్పయింది. ఇప్పుడు చూసిన. కరెంటు పోతే రాసేటి పేజీ పోతది. పేర్లు కొట్టుడు తప్పుపోతే మళ్లా మొదలుకెళ్లి కొట్టమంటది, మా సోని రోజు తిడ్తది. లేసేటప్పుడు మెల్లగ లేస్తది. అయినా దినాం లేస్తది."

సోని టకటకా కొడుతోంది. సువర్ణ వెనకాల నిలబడి వింటోంది. ఇది తన పాకను నిలబెట్టడమో పడగొట్టడమో ఆమెకు తెలియడం లేదు. ఇన్ని లోపాలు విన్నాక ఎవరైనా దిగుతారా? అయినా ఎందుకో గుండె తేలికగా ఉంది.

కాకా ఆగి, కుర్చీలో వెనక్కి తిరిగాడు.

"నేను చూసినయి అయిపోయినయి బిడ్డా. నేను చూడనియి ఇంకేమన్న ఉన్నయా?"

సువర్ణ ఒక అడుగు ముందుకు వేసింది.

"ఇంకోటున్నది కాకా," అంది.

సోని చేతులు కీబోర్డు మీదికి వెళ్లాయి. కాకా ఆ చేతుల్ని పట్టుకుని ఆపాడు.

"ఆగే నువ్వు. ముందుగాల నాకు చెప్పనియ్," అని, పక్క కుర్చీని సువర్ణ వైపు జరిపాడు.